పిల్లల కొలెస్ట్రాల్ పరీక్షను గుర్తుచేసే ఈహెచ్‌ఆర్ అలర్టులు: ఏ పద్ధతి ఎవరికి తగినది

రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న పిల్లలు పైకి పూర్తి ఆరోగ్యంగానే కనిపిస్తారు. నొప్పి ఉండదు, నీరసం ఉండదు, ఆటల్లో తేడా తెలియదు. అందువల్ల తల్లిదండ్రులు ఆ పరీక్ష గురించి అడగరు; డాక్టరు తనంతట తాను గుర్తుంచుకుని రాస్తేనే అది జరుగుతుంది. పదేళ్ల పిల్లవాడి వార్షిక ఆరోగ్య పరీక్షలో టీకాలు, ఎదుగుదల, చూపు, నిద్ర, చదువు, మానసిక స్థితి అన్నీ కొద్ది నిమిషాల్లో చూడవలసి వచ్చినప్పుడు, ఏ ఫిర్యాదూ లేని అంశం వెనకబడిపోవడం సహజం. ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు, అంటే ఈహెచ్‌ఆర్, ఆ లోటును పూడ్చగలదన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

అయితే ఈహెచ్‌ఆర్ ద్వారా గుర్తుచేసే పద్ధతులు ఒకటి కాదు. పని ఆపి జవాబు అడిగే పాప్‌అప్ ఉంది. టీకాల వివరాల పక్కన నిశ్శబ్దంగా కనిపించే రిమైండర్ ఉంది. పరీక్షల పట్టికలో ముందే చేర్చి ఉంచిన ఆర్డర్ ఉంది. పిల్లలు రాకముందే తయారుచేసుకునే జాబితా ఉంది. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది సాఫ్ట్‌వేర్‌లో ఏది సులువన్నదాన్ని బట్టి నిర్ణయించకూడదు. ఆ ఆసుపత్రిలో పరీక్ష ఏ దశలో తప్పిపోతోందో చూసి నిర్ణయించాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: అందరు పిల్లలకూ పాప్‌అప్ పెట్టడం సరైన ఎంపిక కాదు. దాన్ని ప్రమాదం స్పష్టంగా ఉన్న కొద్దిమందికే కేటాయించి, మిగతావారికి నిశ్శబ్ద రిమైండర్‌ను, నర్సుకు అధికారం ఇచ్చే స్టాండింగ్ ఆర్డర్‌ను జతచేసి వాడటం మేలు.

ముందుగా తేల్చుకోవలసినది: ఏ మార్గదర్శకాన్ని పాటిస్తున్నారు

అలర్ట్ రూపం గురించి ఆలోచించే ముందు, ఎవరికి పరీక్ష చేయాలన్న విషయంలో అక్కడి వైద్యులందరూ ఒక మాట మీదకు రావాలి. అమెరికాలోని నేషనల్ హార్ట్, లంగ్ అండ్ బ్లడ్ ఇన్‌స్టిట్యూట్ నియమించిన నిపుణుల బృందం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పిల్లలందరికీ 9 నుంచి 11 ఏళ్ల మధ్య ఒకసారి, 17 నుంచి 21 ఏళ్ల మధ్య మరోసారి కొలెస్ట్రాల్ పరీక్ష చేయాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ దీన్ని ఆమోదించింది. ఈ వయసులను ఎంచుకోవడానికి కారణం ఉంది. యుక్తవయసులోకి అడుగుపెట్టే దశలో మొత్తం కొలెస్ట్రాల్, అందులో చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ రెండూ తాత్కాలికంగా 10 నుంచి 20 శాతం దాకా తగ్గవచ్చు. ఆ సమయంలో పరీక్ష చేస్తే, నిజంగా సమస్య ఉన్నవారి ఫలితం కూడా మామూలుగానే ఉన్నట్టు కనిపించే అవకాశం ఉంటుంది. అందుకే 12 నుంచి 16 ఏళ్ల మధ్య అందరికీ కాకుండా, ప్రమాద కారణాలున్నవారికి మాత్రమే చేయమన్నారు.

అమెరికాలోనే యూఎస్ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ మాత్రం 2023లో, లక్షణాలు లేని 20 ఏళ్లలోపు వారందరికీ ఈ పరీక్ష చేయడంలో లాభనష్టాలు తేల్చడానికి ఆధారాలు చాలవని ప్రకటించింది. పరీక్ష చేయవద్దని కాదు, చేయమని చెప్పేందుకు తగినంత రుజువు లేదని దాని అర్థం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ మరికొన్ని సంస్థలతో కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకం మధ్యేమార్గంలో ఉంది. కుటుంబంలో చిన్న వయసులోనే గుండెజబ్బు గానీ, బాగా ఎక్కువ కొలెస్ట్రాల్ గానీ ఉంటే రెండేళ్ల వయసు నుంచే పరీక్ష చేయడం సమంజసమని చెబుతూ, పిల్లలందరికీ చేయడాన్ని కాస్త బలహీనమైన సిఫారసు స్థాయిలో ఉంచింది. మరోవైపు స్లోవేనియా 1995 నుంచి ఐదేళ్ల వయసులో పిల్లలందరికీ కొలెస్ట్రాల్ పరీక్ష చేస్తోంది.

ఈ భేదాభిప్రాయం అలర్ట్ రూపకల్పనను నేరుగా ప్రభావితం చేస్తుంది. నిపుణుల సంస్థలే ఏకాభిప్రాయానికి రాని చోట, డాక్టరు పనిని ఆపి జవాబు చెప్పమనే పాప్‌అప్ తన పరిధికి మించి ఒత్తిడి చేసినట్టవుతుంది. కుటుంబ చరిత్ర బలంగా ఉన్న పిల్లల విషయంలో అలాంటి సందేహం చాలా తక్కువ. వంశపారంపర్యంగా వచ్చే ఫ్యామిలియల్ హైపర్‌కొలెస్టెరోలేమియా సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. వీరికి పుట్టినప్పటి నుంచీ ఎల్‌డీఎల్ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి రక్తనాళాలపై దాని భారం ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఎనిమిది నుంచి పదేళ్ల వయసులోనే కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మందులు మొదలుపెట్టే వీలుంది. ఇంత స్పష్టమైన ప్రయోజనం ఉన్నప్పుడు అలర్ట్ గట్టిగా అడగడంలో తప్పులేదు.

అలాగని కుటుంబ చరిత్ర ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. దాని ఆధారంగా మాత్రమే పరీక్షలు చేస్తే కొలెస్ట్రాల్ సమస్య ఉన్న పిల్లల్లో 30 నుంచి 60 శాతం మంది తప్పిపోతారని 2011 నిపుణుల బృందం పేర్కొంది. పదేళ్ల పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఇంకా ముప్పైలలో, నలభైలలో ఉంటారు. వారికి గుండెపోటు వచ్చే వయసే రాలేదు, వారి కొలెస్ట్రాల్ ఎంతో వారికే తెలియదు. అందరికీ పరీక్ష చేయాలనే వాదనకు ఇదే మూలం, నన్ను ఒప్పించిన వాదన కూడా ఇదే.

పని ఆపి అడిగే పాప్‌అప్

దీని బలం ఒక్కటే: డాక్టరు దీన్ని చూడకుండా ముందుకు వెళ్లలేరు. బలహీనత కూడా అదే. మందుల భద్రతకు సంబంధించిన అలర్టుల్లో 49 నుంచి 96 శాతం దాకా వైద్యులు తోసిపుచ్చుతున్నారని 2006లో వెలువడిన ఒక సమీక్ష చూపింది. ప్రాణాపాయం గురించి హెచ్చరించే అలర్టుల పరిస్థితే అలా ఉంటే, పదేళ్ల పిల్లవాడికి ఈ నెలలోనో వచ్చే నెలలోనో చేయదగ్గ పరీక్షను గుర్తుచేసే పాప్‌అప్‌కు దక్కే శ్రద్ధ ఎంతో ఊహించవచ్చు. అనవసరపు పాప్‌అప్ ఒకటి పెరిగినకొద్దీ అవసరమైన వాటి మీద కూడా నమ్మకం తగ్గుతుంది. ఈ నష్టం కొలెస్ట్రాల్ లెక్కల్లో కనిపించదు, మరెక్కడో అలర్జీ హెచ్చరికను చదవకుండా మూసేసినప్పుడు బయటపడుతుంది.

పాప్‌అప్ పెట్టాలని నిర్ణయిస్తే, అది ఎప్పుడు తెరుచుకోవాలన్నదే అసలు విషయం. రికార్డు తెరవగానే వచ్చే పాప్‌అప్ అన్నిటికన్నా పనికిరానిది. జ్వరంతో వచ్చిన పిల్లవాడి రికార్డు తెరిచినప్పుడు కూడా అది అడ్డుపడుతుంది, పైగా ఆ రోజు పరీక్ష చేయడమే సరికాదు, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ విలువలు మారిపోతాయి. వార్షిక ఆరోగ్య పరీక్షగా నమోదైన సందర్శనలో మాత్రమే, అదీ డాక్టరు ఆర్డర్లు రాసే తెరకు వచ్చినప్పుడు అది కనిపించాలి. అందులోని మాటలు కూడా ముఖ్యమే. ‘లిపిడ్ స్క్రీనింగ్ గడువు దాటింది’ అని రాస్తే ఏం చేయాలో, ఎందుకో తెలియదు. ‘ఈ పాపకు 10 ఏళ్లు. తండ్రికి 41 ఏళ్లకు గుండెపోటు. రికార్డులో కొలెస్ట్రాల్ ఫలితం లేదు. లిపిడ్ ప్రొఫైల్ ఆర్డర్ చేయాలా?’ అని రాస్తే చదివినవారికి కారణమూ, చేయవలసిన పనీ ఒకేచోట దొరుకుతాయి (లిపిడ్ ప్రొఫైల్ అంటే రక్తంలోని కొలెస్ట్రాల్, ఇతర కొవ్వులను కలిపి కొలిచే పరీక్ష). కింద ఆర్డర్ బటన్‌తో పాటు, వద్దనుకోవడానికి నిజమైన కారణాలు కూడా ఉండాలి: ఇప్పటికే మరోచోట చేశారు, తల్లిదండ్రులు ఇప్పుడు వద్దన్నారు, నేడు ఒంట్లో బాగాలేదు. మొదటిది నొక్కితే అలర్ట్ శాశ్వతంగా ఆగి ఫలితం తెప్పించే పని మొదలుకావాలి. రెండోది నొక్కితే వచ్చే ఏడాది దాకా, మూడోది నొక్కితే కొన్ని వారాల దాకా ఆగాలి. ఏ కారణం నొక్కినా మర్నాడు మళ్లీ వచ్చే పాప్‌అప్ వైద్యులకు ఒకే పాఠం నేర్పుతుంది: చదవకుండా మూసేయడం.

నిశ్శబ్ద రిమైండర్

టీకాలు, చూపు పరీక్ష వంటివి ఉండే నివారణ సేవల పట్టికలోనే కొలెస్ట్రాల్ పరీక్షకు ఒక వరుస చేర్చడం దీని పద్ధతి. గడువు వస్తే రంగు మారుతుంది, చేయించాక మామూలవుతుంది. ఎవరి పనికీ అడ్డురాదు, పెట్టడం సులువు, అలర్టుల అలసట పెంచదు. వివాదం ఉన్న సిఫారసుకు ఇంతకన్నా మర్యాదైన రూపం లేదు.

దీని లోపం ఏమిటంటే, దాన్ని చూసే బాధ్యత ఎవరిదో రాసిపెట్టి లేకపోతే ఎవరూ చూడరు. పట్టికలో ఎర్రగా మారిన వరుసలు పది ఉన్నప్పుడు పదకొండోది కనిపించదు. కాబట్టి దీన్ని డాక్టరు కంటికి వదిలేయకుండా, పిల్లవాడి ఎత్తు, బరువు కొలిచే నర్సు పనిలో భాగం చేయాలి. ఆ మార్పు లేకుండా కేవలం వరుస చేర్చి ఊరుకుంటే ఫలితం ఆశించకపోవడమే మంచిది.

ముందే చేర్చిన ఆర్డర్, స్టాండింగ్ ఆర్డర్

తొమ్మిది, పది, పదకొండేళ్ల వార్షిక పరీక్ష కోసం తయారుగా ఉండే ఆర్డర్ల సమూహంలో కొలెస్ట్రాల్ పరీక్షను చేర్చడం ఒక దారి. అందులో కూడా రెండు రకాలున్నాయి. పరీక్ష పేరు కనిపిస్తూ టిక్ లేకుండా ఉంటే డాక్టరు ఎంచుకోవాలి. టిక్ పెట్టి ఉంటే వద్దనుకున్నప్పుడు తీసేయాలి. తేడా చిన్నదే అనిపించినా, రద్దీ రోజున మనుషులు ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేస్తారు కాబట్టి రెండోది ఎక్కువ పరీక్షలకు దారితీస్తుంది. అందుకే అక్కడి వైద్యులందరూ అందరికీ పరీక్ష చేయాలన్న మార్గదర్శకాన్ని చర్చించి ఆమోదించిన తర్వాతే టిక్ ముందుగా పెట్టాలి. అలా ఆమోదించకుండా పెడితే, తల్లిదండ్రులకు చెప్పకుండానే పిల్లవాడికి సూది గుచ్చే పరిస్థితి వస్తుంది. ఇటీవలే పరీక్ష చేయించుకున్నవారికి మళ్లీ ఆర్డర్ వెళ్లకుండా అడ్డుకునే నియమం కూడా తప్పనిసరి.

స్టాండింగ్ ఆర్డర్ అంటే, నిర్ణీత షరతులు సరిపోయిన పిల్లలకు నర్సు తానే ఆర్డర్ వేసేందుకు వైద్య బాధ్యులు ముందే సంతకం చేసి ఇచ్చిన అనుమతి. నిశ్శబ్ద రిమైండర్‌కు ఇది జతైతే ఆ రెండింటి కలయికను నేను అన్నిటికన్నా మేలైనదిగా భావిస్తున్నాను. రిమైండర్‌ను చూసేవారే పని పూర్తిచేయగలుగుతారు. డాక్టరు గదిలోకి వచ్చేసరికి తల్లిదండ్రులతో మాట ముగిసి ఉంటుంది, వేలికొసన చుక్క రక్తంతో చేసే పరికరం అందుబాటులో ఉంటే ఫలితమే వచ్చి ఉంటుంది. నర్సులకు ఇలాంటి అధికారం ఇవ్వడానికి స్థానిక నిబంధనలు అనుమతిస్తాయో లేదో మాత్రం ముందుగా చూసుకోవాలి.

ముందస్తు జాబితా, తల్లిదండ్రులకు సందేశం

ఈహెచ్‌ఆర్‌లో మార్పులు చేసే వెసులుబాటు లేని చిన్న క్లినిక్‌కు ఇదే సరైన దారి. వచ్చే వారం రాబోయే పిల్లల్లో తొమ్మిదేళ్లు నిండి, పన్నెండు నిండనివారిని వేరుచేసి, కొలెస్ట్రాల్ ఫలితం లేనివారి పేర్లు ఒక జాబితాగా తీస్తే చాలు. అలర్ట్ చేయలేని ఒక పని ఇది చేస్తుంది: అసలు వార్షిక పరీక్షకే రాని పిల్లలను చూపిస్తుంది. డాక్టరు తెర మీద ఎంత మంచి అలర్ట్ పెట్టినా, రాని పిల్లవాడి విషయంలో అది నోరు విప్పదు.

ఆసుపత్రి తన రోగుల కోసం నడిపే వెబ్‌సైటు, అంటే పోర్టల్ ద్వారానో ఫోన్ ద్వారానో తల్లిదండ్రులకు వెళ్లే సందేశం దీనికి తోడు. కుటుంబంలో పురుషులకు 55 ఏళ్ల లోపు, స్త్రీలకు 65 ఏళ్ల లోపు గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చిందేమో కనుక్కుని రమ్మని ముందే అడగవచ్చు. తాతయ్యకు ఏ వయసులో ఏం జరిగిందో డాక్టరు గదిలో హఠాత్తుగా అడిగితే చాలామందికి గుర్తురాదు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వస్తే సరైన జవాబు దొరుకుతుంది. అయితే పోర్టల్ వాడని కుటుంబాలకు ఈ సందేశం చేరదు. ఆ కుటుంబాల పిల్లలే వెనకబడకుండా ఫోన్ చేసే ఏర్పాటు ఉండాలి.

నియమం దేన్ని చదువుతుందో చూడండి

పై నాలుగింటిలో ఏది ఎంచుకున్నా, అది రికార్డులో విడివిడిగా, కోడ్‌తో నమోదైన సమాచారాన్ని మాత్రమే చదవగలదు. డాక్టరు నోట్స్‌లో ‘నాన్నకు 41 ఏళ్లకు స్టెంట్ వేశారు’ అని వాక్యంగా టైపు చేస్తే మనిషికి అర్థమవుతుంది, అలర్ట్‌కు అర్థం కాదు. అదే విషయాన్ని కుటుంబ చరిత్ర విభాగంలో బంధుత్వం, జబ్బు, మొదలైన వయసు అనే మూడు గడుల్లో నింపితేనే అలర్ట్ పనిచేస్తుంది. గట్టి పాప్‌అప్‌ను ఈ పిల్లలకే కేటాయించాలని పైన అన్నాను. ఆ గడులు నింపే అలవాటు లేని చోట ఆ పాప్‌అప్ ఒక్కసారి కూడా రాకపోవచ్చు, ఎందుకు రావడం లేదో ఎవరికీ తెలియదు కూడా. అందువల్ల నియమం రాయించే ముందు ఆ గడులు ఎంతమంది రికార్డుల్లో నిండి ఉన్నాయో లెక్క తీయించండి.

ఫలితాల విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. సొంత ల్యాబ్ ఫలితాలు సాధారణంగా లాయింక్ కోడ్‌లతో, అంటే ఒక్కో పరీక్షను గుర్తించే ప్రామాణిక సంఖ్యలతో వస్తాయి, ఉదాహరణకు మొత్తం కొలెస్ట్రాల్‌కు 2093-3, మంచి కొలెస్ట్రాల్‌గా పిలిచే హెచ్‌డీఎల్‌కు 2085-9. బయటి ల్యాబ్ నుంచి వచ్చిన కాగితాన్ని స్కాన్ చేసి పెడితే అలర్ట్‌కు అది ఒక బొమ్మ మాత్రమే. పరీక్ష జరిగిపోయినా మళ్లీ అడుగుతూనే ఉంటుంది. మూడేళ్ల వయసులో ఏదో కారణంతో చేసిన పరీక్షను చూసి, పదేళ్ల పరీక్ష పూర్తయిందని అలర్ట్ ఆగిపోవడం దీనికి వ్యతిరేకమైన పొరపాటు. తొమ్మిదేళ్లు నిండాక వచ్చిన ఫలితాన్నే లెక్కలోకి తీసుకోవాలని నియమంలో స్పష్టంగా రాయాలి.

ఆర్డర్ ఏ పరీక్షకు వెళ్లాలన్నది కూడా ఇక్కడే తేలాలి. పరగడుపున రావాలని చెబితే మరో రోజు రావలసి ఉంటుంది, చాలామంది ఆ రెండోసారి రారు. సాధారణ స్క్రీనింగ్‌కు పరగడుపు అవసరం లేదు. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను తీసివేస్తే వచ్చే నాన్‌-హెచ్‌డీఎల్ విలువ భోజనం తర్వాత కూడా నమ్మదగినదే. అందువల్ల అలర్ట్‌లోని బటన్ పరగడుపు అక్కర్లేని పరీక్షకే వెళ్లేలా చూడాలి. కుటుంబ చరిత్ర వంటి ప్రమాద కారణం ఉన్న పిల్లలకు మాత్రం పరగడుపున చేసే పూర్తి లిపిడ్ ప్రొఫైల్‌నే 2011 మార్గదర్శకం సూచిస్తుంది కాబట్టి, వారి పాప్‌అప్‌లో ఆ ఆర్డర్‌నూ, దాని కోసం రావలసిన రోజునూ కలిపి ఇవ్వాలి.

ఫలితం వచ్చిన తర్వాత

నా దృష్టిలో స్క్రీనింగ్ అలర్ట్ కన్నా ముఖ్యమైన అలర్ట్ ఇది. పిల్లల్లో నాన్‌-హెచ్‌డీఎల్ డెసిలీటరుకు 120 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఫర్వాలేదు, 120 నుంచి 144 దాకా సరిహద్దు, 145, ఆపైన ఉంటే ఎక్కువ. ఒక పాపకు మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ 48 వచ్చాయనుకుందాం. నాన్‌-హెచ్‌డీఎల్ 164. పెద్దలకు వాడే హద్దులనే ల్యాబ్ ముద్రిస్తే ఆ కాగితంలో 212 కాస్త ఎక్కువన్నట్టు మాత్రమే కనిపిస్తుంది, 164 అసలు ముద్రించకపోవచ్చు. అంటే పరీక్ష చేసి కూడా సమస్యను గుర్తించకుండా ఫైల్ మూసేసే ప్రమాదం ఉంది. ఈహెచ్‌ఆర్ తానే తీసివేత చేసి, పిల్లల హద్దులతో పోల్చి, డాక్టరు ఇన్‌బాక్స్‌లోకి పంపాలి.

ఆ తర్వాతి అడుగు, రెండు వారాల నుంచి మూడు నెలల వ్యవధిలో పరగడుపున రెండుసార్లు లిపిడ్ ప్రొఫైల్ చేసి సగటు చూడటం. థైరాయిడ్, మూత్రపిండాల సమస్యలు, మధుమేహం, కొన్ని మందులు కూడా కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి కాబట్టి వాటినీ పరిశీలించాలి. ఎల్‌డీఎల్ 190కి చేరినా, కుటుంబ చరిత్ర ఉండి 160 దాటినా వంశపారంపర్య సమస్యను అనుమానించి నిపుణుల వద్దకు పంపాలి. నిర్ణీత గడువులో ఈ రెండో పరీక్ష జరగకపోతే పని ఆపి అడిగే పాప్‌అప్ రావడం పూర్తిగా న్యాయం. ఇక్కడ పిల్లవాడికి అసాధారణ ఫలితం ఉందని ఇప్పటికే తెలుసు. తెలిసీ వదిలేయడానికి సాకు లేదు.

ఈ వంశపారంపర్య సమస్య ఒక బిడ్డలో నిర్ధారణ అయితే, తల్లిదండ్రుల్లో ఒకరికీ తోబుట్టువుల్లో కొందరికీ ఉండే అవకాశం బలంగా ఉంది. వారందరికీ పరీక్ష చేయించమని గుర్తుచేసే సందేశాన్ని అదే ఆర్డర్ల సమూహంలో చేర్చండి. పిల్లల కోసం పెట్టిన ఈ ఏర్పాటు వల్ల ముప్పై ఏడేళ్ల తండ్రి గుండెపోటు రాకముందే చికిత్సలోకి వెళ్లవచ్చు. ఇంత విలువైన ఫలితాన్ని చాలా ఏర్పాట్లలో లెక్కలోకే తీసుకోకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఎవరికి ఏది

సాఫ్ట్‌వేర్ మార్చలేని చిన్న క్లినిక్ వారం వారం జాబితాతో మొదలుపెట్టాలి. నర్సులు తగినంత మంది ఉన్న పిల్లల ఆసుపత్రి రిమైండర్‌ను, స్టాండింగ్ ఆర్డర్‌ను కలిపి తీసుకోవాలి. పెద్ద ఆసుపత్రుల సముదాయానికి సొంత ఐటీ బృందం ఉంటుంది కాబట్టి వీటికి తోడు కుటుంబ చరిత్ర ఉన్నవారికి పాప్‌అప్, అసాధారణ ఫలితాలకు ఫాలోఅప్ అలర్ట్ చేర్చుకోవచ్చు. ఫాలోఅప్ చేసే మనిషి గానీ, పంపడానికి నిపుణులు గానీ లేనిచోట స్క్రీనింగ్ అలర్ట్‌ను ఇప్పుడే ప్రారంభించకపోవడమే నిజాయితీ అవుతుంది.

ఏది ఎంచుకున్నా మొదటి కొన్ని వారాలు ఎవరికీ కనిపించకుండా వెనుక నడిపించి, అది ఏయే పిల్లలకు వచ్చేదో జాబితా తీసి, అందులో కొందరి రికార్డులను చేత్తో సరిచూడాలి. ప్రారంభించాక ఎన్ని ఆర్డర్లు వెళ్లాయన్న ఒక్క లెక్కతో తృప్తిపడకూడదు. అర్హులైన పిల్లల్లో ఎందరికి ఆర్డర్ వెళ్లింది, ఎందరి రక్తం నిజంగా తీశారు, ఎందరికి అసాధారణ ఫలితం వచ్చింది, వారిలో ఎందరికి రెండో పరీక్ష జరిగింది అని నాలుగు మెట్లలో చూస్తే పని ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది. ఆర్డర్లు పెరిగి రక్తం తీయడం పెరగకపోతే లోపం అలర్ట్‌లో లేదు, ల్యాబ్ దూరంలోనో సమయంలోనో ఉంది. అక్కడ పాప్‌అప్‌ను మరింత గట్టిచేస్తే వైద్యులను విసిగించడం తప్ప ప్రయోజనం ఉండదు. నియమంలోనే దాని బాధ్యత వహించే వైద్యుడి పదవిని, తిరిగి సమీక్షించవలసిన తేదీని రాసి ఉంచాలి. మార్గదర్శకాలు మారినప్పుడు వయసు హద్దులను సవరించేవారు, వైద్యులు వరుసగా తోసిపుచ్చుతున్న పాప్‌అప్‌ను తీసేసే అధికారం ఉన్నవారు ఎవరో అప్పుడే అందరికీ తెలుస్తుంది.